బ్యాండుమేళం కళాకారుల సంఘం వార్షిక నివేదిక: పెద్ద వాద్యాలను విప్పి తరలించే పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు, ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం ఒంటికి చుట్టుకొని భుజం మీద మోసే పెద్ద ఇత్తడి బాకాలైన సూసాఫోన్లను, మూతి పైకి ఉండే పెద్ద బాకాలైన నిలువు బాస్‌లను తేలికగా విప్పి, మోసుకెళ్లి, మళ్లీ బిగించుకొనేలా చేయడానికే వెచ్చించాం. ముహూర్తాల రోజుల్లో ఆటో పైకప్పు మీద దుప్పటి చుట్టిన వాద్యాన్ని తాళ్లతో కట్టి తీసుకెళ్లడం, పెళ్లింటి ముందు దింపేసరికి బెల్లు (గరాటులాంటి పెద్ద మూతి) అంచున కొత్త సొట్ట కనిపించడం సభ్యులకు తెలిసిన సంగతులే.

ముందుగా వాద్యాలన్నీ పరిశీలించగా బయటపడిన విషయం మనకే సిగ్గు కలిగించింది. బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా సూచనతో 1893లో అమెరికాలో మొదట తయారైన ఈ సూసాఫోన్ విప్పలేని వాద్యం ఏమీ కాదు. మీరట్ నుంచి మనం తెప్పించుకున్న వాటికి కూడా బెల్లు మెడ దగ్గర చేతివేళ్లతో తిప్పే మూడు మరలు ఉన్నాయి. ఆ మరలు అరిగి బెల్లు ఊగుతోందని, వాయిస్తుంటే గిలక్కాయలా మోగుతోందని, ఎప్పుడో మనవాళ్లే అక్కడ మాటు వేయించి శాశ్వతంగా అతికించేశారు. కనుక ఈ ఏడాది మనం చేసిన పనిలో సగం కొత్తగా కనిపెట్టింది కాదు, పాత తప్పును దిద్దుకోవడం.

ముహూర్తాలు లేని ఆషాఢంలో నిర్వహించిన మరమ్మతు శిబిరం ఈ సంవత్సరానికే గర్వకారణమని చెప్పడానికి సంతోషిస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి వచ్చిన కంచరి మేస్త్రిగారు, బిందెలకూ చెంబులకూ అలవాటుపడిన చేతులతో, పక్క అతుకులు వేడికి ఊడిపోకుండా వాటి చుట్టూ తడిగుడ్డలు చుట్టి, పాత మాటును కరిగించి, రెండు సూసాఫోన్ల బెల్లులను వేరుచేసి, కొత్త మరలు ఎక్కేలా గాడులు తీశారు. నిలువు బాస్ పని ఇంతకంటే కష్టమైంది. దానికి బెల్లు మొదటి నుంచీ ఒకే గొట్టంగా ఉన్నందున, ఆధారపు కమ్మీలు లేని చోటు చూసి కోసి, రెండు కొసలకూ ఒకదానిలో ఒకటి మరలాగా తిరిగి బిగుసుకొనే ఇత్తడి కట్లు అతికించవలసి వచ్చింది. కట్టు వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా గాలి కారి కింది స్వరాలు పలకవు. మేస్త్రిగారు మొదటిసారి అతికించిన కట్టును తామే ఊడదీసి, మళ్లీ అతికించారు. ఆయన ఓపికకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు రోజులూ భోజనాలు పెట్టిన మహిళా సభ్యులకు, స్థలమిచ్చిన కల్యాణమండపం యజమానిగారికి, ప్లైవుడ్ పెట్టెలు చేసిచ్చిన వడ్రంగి సోదరులకు, తెల్లవార్లూ మేస్త్రిగారికి తోడున్న ఇద్దరు కుర్రవాళ్లకు కృతజ్ఞతలు.

శిబిరానికి తప్పక వస్తామని పేర్లు రాయించుకున్నవారిలో మూడోవంతు మంది కూడా రాలేదని ఇక్కడే నమోదు చేయవలసి వస్తోంది. రానివారి వాద్యాలకు కూడా పని జరిగింది.

శ్రావణంలో ఒక జట్టు విజయవాడ పెళ్లికి రైలులో వెళ్లడంతో ఈ పనికి అసలు పరీక్ష ఎదురైంది. ప్రయాణికులు వెంట తీసుకెళ్లే పెట్టెకు రైల్వే నిర్ణయించిన కొలత 100, 60, 25 సెంటీమీటర్లు. మన బెల్లు వెడల్పే 26 అంగుళాలు, అంటే సుమారు 66 సెంటీమీటర్లు కాబట్టి, ఎంత విప్పినా దాన్ని బ్రేక్‌వ్యానులో, అంటే రైలులోని సామాన్ల పెట్టెలో, వేయక తప్పలేదు. అయినా గుండ్రని పెట్టెలో నురుగు పరుపు మధ్య వెళ్లిన బెల్లు ఒక్క సొట్ట లేకుండా దిగింది, ప్లాట్‌ఫారం మీదే పది నిమిషాల్లో వాద్యం సిద్ధమైంది. కళాకారుల వాద్యాలకు కొలతలో సడలింపు కోరుతూ ఒక కార్యాలయానికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మూడుసార్లూ ముద్ర వేసి తీసుకున్నారు, అంతకుమించి జవాబు లేదు.

వాద్యాలు విప్పేవారికి ఒక మనవి. బెల్లు, మెడ, మౌత్‌పీస్ వరకే విప్పండి. ఉత్సాహం కొద్దీ, నొక్కితే స్వరం మార్చే వాల్వులు కూడా ఊడదీసి, ఒకటో అంకె ఉన్నదాన్ని రెండో గదిలో దించిన సంఘటన ఈ ఏడాది జరిగింది. ఊరేగింపు కదిలేవరకు ఆ వాద్యం నుంచి గాలి కూడా రాలేదు.

ఆదాయవ్యయాల పట్టికను కోశాధికారిగారు విడిగా జతచేశారు. స్వల్ప లోటు ఉంది, దాతల సాయంతో సర్దుబాటు అయింది. ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

రెండో నిలువు బాస్ పని వచ్చే ఆషాఢానికి మిగిలింది. శిబిరం ముగిశాక లెక్క చూస్తే కొత్త మరల్లో మూడు తక్కువ వచ్చాయి. అవి ఎవరి పెట్టెలోనైనా ఉంటే, కార్తీక ముహూర్తాలు మొదలయ్యేలోగా నాకు అందజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి