రాలీజ్ రికార్డులు వచ్చినయి, కానీ అమ్ముతలేను

అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్నోళ్లకు అసలు ముచ్చట ముందే చెప్తున్న. చెవులు గింగురుమనే గిటార్ రొద వాయించిన జపాన్ బ్యాండ్ లే రాలీజ్ దెన్యుదే, వాళ్ల ''77 లైవ్' రికార్డుల డబ్బా మన హన్మకొండ దుకాణానికి వచ్చింది. అందుల ఉన్నయన్నీ దొంగ కాపీలు. ఒక్కటి కూడా అమ్ముతలేను. ఈ వారంల అందరి పైసలు పూర్తిగ వాపసు ఇస్తున్న. ఫోన్‌పే కొట్టినోళ్లకు అటే వస్తయి, చేతికిచ్చినోళ్లకు చేతికే.

డబ్బా విప్పంగనే అనుమానం కొట్టింది. కవర్ మీది అక్షరాల అంచులు చెదిరినట్టున్నయి. నా సొంత కాపీ 2022ల వచ్చిన అసలు ముద్రణ, దాన్ని తెచ్చి పక్కన పెట్టిన. గడియారాలు బాగుచేసే మన పక్క షాపు పెద్దాయన దగ్గర కంటికి పెట్టుకునే అద్దం అడుక్కొచ్చి చూస్తే సంగతి బయటపడ్డది. స్కాన్ చేసిన బొమ్మను మళ్ల అచ్చేసిండ్రు, చుక్కల మీద చుక్కలు పడ్డయి. పాట అయిపోయినంక లేబుల్ దాకా నున్నటి జాగ మిగులుతది కదా, అక్కడ గీసే నంబర్ కూడా నా దానితోని కలుస్తలేదు. ఇగ సూది పెట్టిన. గిటార్ రొద షురూ అయింది, అంతవరకు బాగనే ఉన్నది. కానీ డ్రమ్ముల మీది తాళాలు నీళ్లల్ల మునిగి కొట్టినట్టు సుయ్యిసుయ్యిమంటున్నయి. అది ఎంపీ3 జాడ, అంటే సైజు తగ్గించేందుకు చప్పుడు కోసేసిన కంప్యూటర్ ఫైల్. ఎక్కడ్నో దొరికిన ఫైల్‌ను తీసుకపోయి రికార్డు మీద కొట్టిండ్రు. బేస్ అయితే ఉందో లేదో దేవునికెరుక.

పంపినాయన పేరు ఇక్కడ రాయను. పెద్ద పట్నంల ఉంటడు, బయటిదేశం సరుకు తెప్పిస్తడు, ఇన్నేండ్లల్ల ఎన్నడూ తేడా రాలే. ఫోన్ చేస్తే ముందుగాల ఒరిజినలే అన్నడు. ఫొటోలు పెట్టినంక ముద్రణ వేరే అన్నడు. నేను వదలకపోయేసరికి అసలు మాట బయటికి వచ్చింది: "అదంతా గోలనే కదా సార్, వరంగల్‌ల ఎవరు గుర్తుపడతరు?"

పైసలు పోయినదానికంటే ఈ మాటకే నాకు ఎక్కువ కాలింది. మన చెవిల పువ్వు పెట్టొచ్చని ఆయన ముందే లెక్కేసుకున్నడన్నట్టు.

గోల అయితే కాపీ ఎట్లున్నా నడుస్తదా? నడువది. గైడెడ్ బై వాయిసెస్ అనే బ్యాండ్ ఆల్బమ్ 'బీ థౌజండ్' 1994ల వచ్చింది. అమెరికాల డేటన్ అనే ఊరి బడిపంతులు రాబర్ట్ పొలార్డ్, దోస్తులను కూడేసుకొని ఇంట్లనే నాలుగు ట్రాకుల మిషన్ మీద, అంటే ఒకే టేపు మీద నాలుగు చప్పుళ్లు వేరువేరుగ ఎక్కించేదాని మీద చేసిండు. మొదటి పాటల గిటార్ ఉన్నట్టుండి మాయమైతది, వాళ్లు దాన్ని అట్లనే ఉంచిండ్రు. టేపు బుస్స వినవడ్తది, అదీ వాళ్లదే. న్యూజిలాండ్‌ల ఫ్లయింగ్ నన్ అనే రికార్డుల కంపెనీ మొదటి రోజులల్ల క్రిస్ నాక్స్ అనే పాటగాడు తన నాలుగు ట్రాకుల టేపు మిషన్ తోని దునీడిన్ అనే ఊరి పోరగాండ్ల పాటలు పట్టిండు. 1979ల టాస్కామ్ కంపెనీ క్యాసెట్ మీదనే నాలుగు ట్రాకులు ఎక్కించే మిషన్ తెచ్చినంక, స్టూడియోకు పైసల్లేని ఎందరికో దారి దొరికింది. ఆ గరగర వాళ్ల చేతుల నుంచి వచ్చింది. నాకు వచ్చిన డబ్బాలున్న సుయ్యిసుయ్యి ఏ వాయించెటోని చేతి నుంచి రాలే. ఏది వాళ్లు చేసిన చప్పుడు, ఏది కాపీ చేసినోడు కలిపిన చప్పుడు అని తేల్చుకోవాల్నంటే, గోల రికార్డుకే మంచి కాపీ ఎక్కువ అవసరం. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాట పాడైన కాపీల విన్నా గొంతు గుర్తుపడ్తం. రాలీజ్ రికార్డుల గుర్తుపట్టేందుకు ఆ రొద తప్ప ఏం లేదు.

ఇంత గట్టిగ మాట్లాడుతున్న గానీ, అమ్మాల్నా వద్దా అని మస్తు కొట్టుకున్న. ఎన్ఐటీల చదివే మన తమ్ముడొకడు వచ్చి "అన్నా, ఆ రాలీజ్ బ్యాండ్ బతికిందే దొంగ కాపీల మీద, గుడ్డి కన్న మెల్ల నయం కదా, స్టిక్కర్ ఏసి సగం ధరకు ఇచ్చెయ్" అన్నడు. వాని మాటల నిజం లేకపోలే. 1967ల క్యోటోల మిజుతాని తకాషి పెట్టిన బ్యాండ్ అది. ఆయన బతికుండంగ వాళ్ల పేరు మీద సక్కగ బయటికి వచ్చినయి 1991ల మూడు సీడీలు, అవి గూడ చాలా తక్కువ కాపీలు. మిగతా ప్రపంచం మొత్తం ఎవరో దాచిన టేపుల నుంచి, దొంగ ముద్రణల నుంచే విన్నది. నేనూ అంతే, హాస్టల్ల ఒక సీనియర్ రాసిచ్చిన సీడీ తోనే విన్న. ఆ సీడీ లేకపోతే ఈ దుకాణమే లేదు.

మరి ఇప్పుడెందుకు పట్టింపు? అప్పుడు అసలుది కొందామన్నా దొరకలే. మిజుతాని 2019ల పోయిండని లోకానికి 2021ల తెలిసింది. అటెనుక ఒకప్పుడు ఆ బ్యాండ్‌ల వాయించిన కుబొటా మకోతో పాత టేపులు ముందటేసుకొని సాఫ్ చేసిండు, 2022 నుంచి సరైన ముద్రణలు వస్తున్నయి. ఇయ్యాల దొంగది కొంటే ఆ పైసలు వాళ్లకు చేరవు, ఆ ఫైల్ కొట్టినోని జేబులకు పోతయి. స్టిక్కర్ ముచ్చట గూడ ఆలోచించిన. నేనేసిన స్టిక్కర్ రెండో చేతికి పోయేసరికి ఊడిపోతది, మూడోవాడు దాన్నే ఒరిజినల్ అని అమ్ముతడు. తిప్పి పంపితే ఆయన ఇంకో ఊరికి అంటగడ్తడు. అందుకని డబ్బా నా దగ్గర్నే ఉంటది, ప్రతి లేబుల్ మీద మార్కర్ తోని 'దొంగది' అని రాసిపెట్టిన. నష్టం నాదే. ఇంట్ల ఈ లెక్క ఇంకా చెప్పలే, మీరు గూడ చెప్పకుండ్రి.

డెడ్ సీ, పేవ్‌మెంట్, సోనిక్ యూత్ బ్యాండ్ల రికార్డుల ఆర్డర్లు వేరే ఆయన దగ్గరివి. వాటికి ఢోకా లేదు, వచ్చినయి వచ్చినట్టు మెసేజ్ పెడ్త. రాలీజ్ అసలుది వేరే దారిన అడిగిన, ధర ఎక్కువే చెప్తున్నరు. అది చేతికొచ్చి, నేను సూది పెట్టి విన్నదాక ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోను. బతిమిలాడినా తీసుకోను.

ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒకే పాటను రెండు కాపీలల్ల ఒకదానెన్క ఒకటి పెడ్త, ఏదేందో చెప్పకుంట. వరంగల్‌ల ఎవరు గుర్తుపడతరో చూద్దాం. బండ్లు మెడికల్ షాపు ముందట పెట్టకుండ్రి, చప్పుడు గురించి ఆయనకూ నాకూ ఇప్పటికే లొల్లి నడుస్తున్నది.