సర్వర్ ప్యాచ్ గురించి సభ్యులకు మనవి

ఆత్రేయపురం పూతరేకులను సొంత వెబ్‌సైట్లలో అమ్ముతున్న సభ్యులందరికీ నమస్కారం. మన దుకాణాలను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో లోపం ఎంత ప్రమాదకరమో దయచేసి శ్రద్ధగా చదవండి. పిన్‌కోడ్ కోసం మెమరీలో 16 బైట్ల చోటు కేటాయించిన ప్రోగ్రామ్, వచ్చినదాని పొడవు సరిచూడకపోతే, ఎవరైనా 2,000 అక్షరాలు పంపినప్పుడు మిగిలినవి, గట్టు పొర్లిన కాలువ నీరు పక్క చేలో పడ్డట్టు, పక్కనున్న మెమరీలోకి పోతాయి; ఫంక్షన్ (ప్రోగ్రామ్‌లోని ఒక భాగం) పని ముగించి తిరిగి వెళ్లవలసిన మెమరీ చిరునామా అక్కడే ఉంటే, దాని స్థానంలో తన కోడ్ చిరునామాను పెట్టి, దాడి చేసేవాడు సర్వర్‌నే చేజిక్కించుకోగలడు. అప్పుడు మన కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు అన్నీ వాడి చేతిలోనే ఉంటాయి.

2001 జూలైలో కోడ్ రెడ్ వార్మ్ (తనంతట తానే ఒక యంత్రం నుంచి మరోదానికి పాకే హానికర ప్రోగ్రామ్), వరసగా 200కు పైగా ‘ఎన్’ అక్షరాలున్న ఒక్క అభ్యర్థనతో మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్లలోకి ఇలాగే చొరబడి, 19వ తేదీన 14 గంటల లోపే 3,59,000కు పైగా యంత్రాలకు సోకింది. నన్ను ఎక్కువగా బాధించేది ఏమిటంటే, ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ జూన్ 18నే విడుదలైంది.

మన సైటు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది కదా అని ధీమాగా ఉండకండి. దాని కింద పనిచేసే అపాచీ (వెబ్ సర్వర్), ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (డేటాను రహస్యంగా పంపే సాఫ్ట్‌వేర్), పొడవును తనంతట తాను సరిచూడని సీ భాషలో రాసినవే. ఏ వెర్షన్ నడుస్తోందో హోస్టింగ్ వారిని అడిగి, ఈ ఆదివారంలోగా ప్యాచ్ వేయించండి. సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యాక సర్వర్ ఆపడం ఎవరికీ కుదరదు.