గొంతు బొంగురును కూడా జబ్బుల జాబితాలో చేర్చండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేయడానికి బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందాల దగ్గర 30కి పైగా సమస్యల జాబితా ఉంటుంది. పళ్లు, చెవులు, కళ్లు, గుండె, రక్తహీనత, చివరికి ఆయాసం కూడా అందులో ఉన్నాయి. గొంతు బొంగురు లేదు. మన రాష్ట్రంలోనైనా దాన్ని చేర్చి పరీక్షించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను డాక్టర్ని కాను. స్వరపేటికలో పులిపిర్లు వచ్చిన ఒక పాప తల్లిని.

పాప గొంతు మూడో ఏట మారింది. మొదట జలుబన్నారు, తర్వాత ఉబ్బసం అన్నారు. నెబ్యులైజర్ కొనిపించారు. ఇంట్లో పెద్దవాళ్లు మిరియాల కషాయం పట్టారు. గొంతు తేటపడలేదు సరికదా, ఊపిరి పీల్చినప్పుడల్లా గుర్రుమనే శబ్దం మొదలైంది. పీల్చినప్పుడు మెడ కింద గుంట లోపలికి లాక్కుపోయేది. ఉబ్బసంలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి. పీల్చేటప్పుడు శబ్దం వస్తే పైన గొంతులో అడ్డుందేమో చూడాలి. ఆ తేడా మాకు చెప్పినవాళ్లు లేరు.

చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు గారు ముక్కులోంచి సన్నటి స్కోపు (లోపల చూసే గొట్టం) పంపి చూశారు. పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టుకున్నాను. పూర్తి మత్తు లేదు, కోత లేదు, రెండు మూడు నిమిషాల పని. స్వరతంత్రుల మీద గులాబీ రంగు గుత్తులు కనిపించాయి. గాలి పోయే దారి సన్నటి సందులా మిగిలింది.

ఇది హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిల్లోమా వైరస్) అనే వైరస్‌లో 6, 11 రకాలతో వచ్చే జబ్బు. చాలావరకు కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. (ఈ మాట వినగానే మన ఇళ్లలో వేళ్లు ఎటు తిరుగుతాయో మీకు తెలియంది కాదు. ఏ లక్షణమూ లేకుండా ఎంతోమందికి వచ్చిపోయే వైరస్ ఇది. ఆ సంగతి ముందు భర్తకీ అత్తమామలకీ చెప్పమనండి.) పులిపిర్లు తీసేసినా మళ్లీ మొలుస్తాయి. కొందరు పిల్లలను ఏడాదిలో ఎన్నోసార్లు ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాలి. ఆలస్యమై ఊపిరి అందకపోతే మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి రావచ్చు, దానివల్ల పులిపిర్లు కిందికి శ్వాసనాళంలోకి పాకే ప్రమాదం ఉంది.

నిజమే, ఇది అరుదైన జబ్బు. బొంగురుపోయిన పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది అరిచి అరిచి స్వరతంత్రుల మీద లేచిన చిన్న బొడిపెలు. వాటికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, స్పీచ్ థెరపీతో తగ్గుతాయి. నెలల పసికందుల్లో గుర్రు శబ్దం చాలాసార్లు స్వరపేటిక మెత్తగా ఉండటం వల్ల వచ్చి, రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. గుండె ఆపరేషన్ తర్వాత ఏడుపు పీలగా మారిన పిల్లల సంగతి వేరు. ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కిందుగా చుట్టుకుని మళ్లీ పైకి వస్తుంది. అది దెబ్బతింటే తాగిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. లోపల చూడకుండా ఇందులో ఏది ఏదో చెప్పలేం.

నాలుగు వారాలు దాటిన బొంగురును స్కోపుతో చూడాలన్న నియమం పెట్టండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో పిల్లలకు సరిపోయే సన్నటి స్కోపు, అది వాడటం వచ్చిన డాక్టరు ఉండాలి. అప్పుడు ప్రతి పిల్లనూ హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దాకా తీసుకురావాల్సిన పనుండదు. వినికిడి లేని పిల్లలకు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టించిన వ్యవస్థకు ఇదేమంత పెద్ద ఖర్చు కాదు.

టీకా మాట కూడా. ఆస్ట్రేలియాలో 2007లో నాలుగు రకాల హెచ్‌పీవీని ఆపే టీకాను అమ్మాయిలకు ఉచితంగా మొదలుపెట్టాక, పిల్లల్లో ఈ పులిపిర్ల జబ్బు దాదాపు కనుమరుగైంది. మన దేశంలో తయారయ్యే సెర్వవాక్ టీకాలోనూ 6, 11 రకాలున్నాయి. హెచ్‌పీవీ టీకా అంటే మన ప్రచారంలో క్యాన్సర్ ఒక్కటే వినిపిస్తుంది. ఈ లాభం కూడా చెప్పించండి.

మా పాప బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, "ప్రెజెంట్ టీచర్" అనే మాట చివరి బెంచీ నుంచి వినపడదు కాబట్టి. ఇలాంటి పిల్లలెవరో ప్రతి టీచరుకూ తెలుసు. ఆర్‌బీఎస్‌కే బృందాలు టీచర్లను అడిగితే చాలు, పేర్లు చెప్తారు.

నమస్కారాలతో,
నిజామాబాద్ జిల్లా నుంచి ఒక తల్లి