అర గ్రాము అవమానం

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరే మున్షీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాలు కాస్త నయం, పెద్దవాడి పరీక్షలు అయ్యాయి, మేడ మీద తొట్టి మళ్ళీ కారుతోంది. మిగతావి తరవాత. నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

హిమాయత్‌నగర్‌లో పాత నాణేల ప్రదర్శన పెట్టారని తెలిసి వెళ్ళాను. ఊరికే వెళ్ళానా? జేబులో అయస్కాంతం, భూతద్దం, కొత్తగా కొన్న బుల్లి త్రాసు. నా వాలకం చూసి మా ఆవిడ "కొనడానికా, సోదా చేయడానికా?" అంది.

మొదటి బల్ల దగ్గరే 1911 నాటి పంది రూపాయి! అయిదో జార్జి అంగీ మీద ఏనుగును చెక్కితే అది పందిలా కనబడి గోల లేచిందే, అదే. ధర విని, దండం పెట్టి, ముందుకు కదిలాను.

మూల బల్ల దగ్గర ఒక పెద్దాయన. ఆయన ముందు పళ్ళెం నిండా చార్మినార్ రూపాయలు. ఒకటి తీశాను. అంచు నల్లబడింది, మినార్లు ఎన్ని చేతులు మారాయో నున్నగా అరిగాయి. అయస్కాంతానికి అంటలేదు. త్రాసు మీద పెడితే 11.1 చూపించింది. నాకు తెలిసిన రూపాయి తులం, అంటే 11.66 గ్రాములు. దొరికాడు దొంగ అనుకున్నాను. పక్క బల్లలకు కూడా వినబడేలా "అర గ్రాము తక్కువుందండీ, ఇది నకిలీ!" అన్నాను.

ఆయన కోప్పడినా బాగుండేది. కళ్ళజోడు తుడుచుకుని, "బాబూ, మీరు చెప్పేది ఇంగ్లీషువాళ్ళ కల్దార్. ఇది హాలీ సిక్కా, నిజాం సొంత రూపాయి. దీని పుట్టు తూకమే 11.18. వెండి కూడా అందులో నూటికి 91 పైన, ఇందులో 82 లోపు. అందుకే వంద కల్దార్లకు 116 హాలీ పైచిలుకు ఇచ్చేవారు" అన్నారు. పక్క బల్ల కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తొమ్మిదో తరగతి, రైలు లెక్క, గుర్తుందా? అదే ముఖం వేసుకుని నిలబడ్డాను.

అప్పుడాయన ఆ నాణేన్నే నా చేతికిచ్చి, "పోనీ, గుమ్మంలో ఎవరున్నారో చెప్పండి" అన్నారు. చార్మినార్ నడిమి కమానులో చిన్న ఉర్దూ అక్షరం, నిజాం పేరులో మొదటిది. భూతద్దం పెట్టి చూస్తే, ఒరే, నీ గుడ్డి మూడు! నా అరచేతిలో నువ్వు సిరాతో రాసి మూడు రోజులు కడగనివ్వని ఐన్! "ఉస్మాన్ అలీఖాన్" అన్నాను. ఆయన పళ్ళెం అడుగు నుంచి ఇంకొకటి తీశారు. గుండ్రటి తల, కిందికి తోక. "మీమ్! మహబూబ్ అలీఖాన్!" ఈసారి కూడా పక్క బల్లలకు వినబడింది. 1911లో తండ్రి పోయి కొడుకు గద్దెనెక్కితే చార్మినార్ కదల్లేదు, గుమ్మంలో మనిషి మారాడు. ఆలోచిస్తే ఎంత... సరే, నువ్వు వచ్చినప్పుడు.

రెండూ కొన్నాను. బేరమాడే ముఖం ఎక్కడిది? ఆయనే వంద తగ్గించి, "త్రాసు జాగ్రత్త బాబూ" అన్నారు. సలహానో, ఎగతాళో! తిరిగి వస్తుంటే బస్సు సైఫాబాద్ టంకశాల పక్కగా వెళ్ళింది. పుట్టింటి ముందు నుంచి వెళ్తున్నామని జేబులో వాటికి చెప్పాను. నవ్వకు.

మీమ్ ఉన్నది నీకు. చింతపండుతో తోమావో, నీకూ నాకూ చెల్లు. ఆ నలుపుతోపాటు విలువా పోతుంది. పోస్టులో పంపనా, పండక్కి నువ్వే వస్తావా? అన్నట్టు, మీ చెల్లెలి సంబంధం సంగతి...

కరెంటు పోయింది. ఫోను వెలుతురులో రాస్తున్నాను, అదీ కొన ఊపిరితో ఉంది. ఉంటాను.

నీ
రైలు లెక్క