పెన్‌డ్రైవ్ పెట్టే ముందు ఒక కాగితం

సంపాదకుడు గారికి నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకే చాలామంది ఉన్న కంప్యూటర్లోనే విండోస్ 11 గానీ లినక్స్ గానీ వేసుకుంటున్నారు. ఆఫీసు కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. నేను చేసిన తప్పు వాళ్లు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక ఆఫీసులో అందరి ఫైళ్లూ ఉండే కంప్యూటర్లో కొత్త సిస్టమ్ వేస్తున్నాను. మధ్యలో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే నంబరు, అడిగింది. పాత నంబరు ఎక్కడా రాసుకోలేదు, డిస్కేమో అప్పటికే చెరిపేశాను. 192.168.1.50కి పింగ్ కొట్టి, అంటే ఆ నంబరుతో ఏదైనా ఉందా అని చిన్న సందేశం పంపి చూస్తే, జవాబు రాలేదు. ఖాళీగా ఉందనుకుని అదే ఇచ్చేశాను.

మర్నాడు ఒకరికి ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, పక్క సీటు వాళ్లకు తెరుచుకోవడం లేదు. కాసేపటికి వాళ్లకు వస్తే వీళ్లకు పోతున్నాయి. కేబుల్ మార్చాను, స్విచ్ ఆపి వేశాను. అందరి పనీ ఆగిపోయి, ఒకటే టెన్షన్. చివరికి ఫైళ్లు రాని కంప్యూటర్లో ఏఆర్‌పీ పట్టిక (ఏ ఐపీ నంబరు ఏ పరికరానిదో కంప్యూటర్ రాసుకునే జాబితా) తీసి చూస్తే, నేనిచ్చిన నంబరుకు ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు) ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్నదే! నేను పింగ్ కొట్టినప్పుడు ప్రింటర్ ఆఫ్‌లో ఉంది. ఒకే నంబరు రెండింటికి ఉంటే, ఏ కంప్యూటర్‌కు ఏది దొరికితే అది దానితోనే మాట్లాడుతుంది.

అప్పటి నుంచి ముందు కాగితం తీయందే, కొత్త సిస్టమ్ వేసే పెన్‌డ్రైవ్ తీయను. పాత సిస్టమ్ నడుస్తుండగానే ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (ఏ నంబర్లు మన నెట్‌వర్క్‌లోవో చెప్పేది), గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే రూటర్ నంబరు), డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు నంబర్లు చెప్పే సర్వర్) రాసుకుంటాను. రూటర్ తనంతట తాను పంచే నంబర్ల వరుస ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో చూసి, నేనిచ్చేది దానికి బయట ఉండేలా ఎంచుకుంటాను. కంప్యూటర్ పేరు కూడా అప్పుడే అనుకుంటాను. అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్ వాడొచ్చు, అండర్‌స్కోర్ వద్దు. విండోస్ నెట్‌వర్క్‌లో 15 అక్షరాలు దాటకపోతే మంచిది. డిస్క్ 2 టీబీ దాటితే డిస్క్‌ను భాగాలుగా విభజించే పాత ఎంబీఆర్ పద్ధతి చాలదు, కొత్త పద్ధతి జీపీటీ కావాలి. డిస్క్ చెరిపేశాక ఇది గుర్తొచ్చి లాభం లేదు. టైమ్ జోన్, టైమ్ కూడా చిన్న విషయాలు కావు. గడియారం 5 నిమిషాలకు మించి తేడా ఉంటే చాలా ఆఫీసు నెట్‌వర్క్‌లు లాగిన్ కానివ్వవు.

కీబోర్డ్ లేఅవుట్ సంగతి చాలామంది పట్టించుకోరు. అమెరికన్ కీబోర్డ్‌కు పొరపాటున బ్రిటిష్ లేఅవుట్ పెడితే, షిఫ్ట్‌తో 2 నొక్కినప్పుడు ‘@’ బదులు కొటేషన్ గుర్తు పడుతుంది. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెలియదు. తర్వాత లేఅవుట్ సరిచేశాక, సరైన పాస్‌వర్డే కొడుతున్నా లోపలికి రానివ్వదు.

మీ సాంకేతిక పేజీలో ఇన్‌స్టాలేషన్ గురించి రాసినప్పుడు, మొదటి మెట్టుగా ఈ కాగితాన్ని ఒక బాక్స్‌లో వేయమని కోరుతున్నాను. కత్తిరించి పక్కన పెట్టుకునేలా, ఖాళీ గడులతో ఉంటే చాలు.

– ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్