పల్లె బడుల టీచర్లు, నేషనల్ బోర్డ్, నీ పని

చిన్నీ,

మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో నేషనల్ బోర్డ్ సర్టిఫికేషన్‌కి, అంటే అమెరికాలో టీచర్లు తమంతట తాము కట్టుకునే జాతీయ స్థాయి బోధనా సర్టిఫికెట్‌కి, కట్టే టీచర్లను చూసుకునే బాధ్యత నీకిచ్చారని అమ్మ చెప్పింది. సంతోషం. పనిలో దిగేముందు కొన్ని విషయాలు రాస్తున్నాను, అన్నీ ఒకేసారి చదవక్కర్లేదు.

ముందు సర్టిఫికెట్ ఎంపిక. పట్నం బడిలో ఒక టీచరు ఒకే క్లాసుకి ఒకే సబ్జెక్టు చెబుతుంది. పల్లె బడిలో ఒకరే ఏడు నుంచి పన్నెండో గ్రేడ్ దాకా సైన్సంతా చెబుతారు. సర్టిఫికెట్లు పిల్లల వయసును బట్టి వేరువేరు; అలాంటి టీచరు 11–15 ఏళ్ల పిల్లలదానికి కట్టాలా, 14–18, ఆపై వయసు వాళ్లదానికా? పోర్ట్‌ఫోలియోకి (తన బోధనకి రుజువుగా టీచరు బోర్డుకి పంపే రాతలు, వీడియోలకి) వాడే క్లాసులో కనీసం 51 శాతం పిల్లలు ఆ వయసు పరిధిలో ఉండాలి. టైమ్‌టేబుల్, పిల్లల పుట్టిన తేదీలు ముందు పెట్టుకుని మాట్లాడు. వచ్చే ఏడు ఆ క్లాసు ఆ టీచరుకే ఉంటుందో లేదో ప్రిన్సిపాల్‌ని అడుగు. చిన్న బడిలో ఒక్క టీచరు మానేస్తే మిగతావాళ్ల క్లాసులన్నీ తారుమారవుతాయి.

డబ్బు లెక్క. సర్టిఫికేషన్‌లో నాలుగు కాంపొనెంట్లు, అంటే భాగాలు, ఒక్కోటి 475 డాలర్లు, మొత్తం 1,900. దీనికితోడు ఏటా 75 డాలర్ల రిజిస్ట్రేషన్, అది వెనక్కి రాదు. మూడేళ్లలో పూర్తిచేస్తే 2,125. సర్టిఫికెట్ వచ్చినవాళ్లకి ఇచ్చే ప్రోత్సాహకం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. నార్త్ కరోలినాలో రాష్ట్రం ఇచ్చే జీతం మీద 12 శాతం. మిసిసిపీలో ఏటా 6,000 డాలర్లు, డెల్టా వైపు కొన్ని కౌంటీల్లో ఇంకో 4,000. మీ దగ్గర ఎంతో, ఫీజుకి సాయం ఉందో లేదో జీతాల సెక్షన్‌లో రాతపూర్వకంగా కనుక్కో. నోటిమాట నమ్మి టీచర్లకు మాటివ్వకు.

మొదటి కాంపొనెంట్ కంప్యూటర్ పరీక్ష. చాలా సర్టిఫికెట్లలో 45 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, అరగంట చొప్పున మూడు రాత ప్రశ్నలు. సబ్జెక్టు రాక పోయేవాళ్లకన్నా పరీక్ష సెంటర్ దూరమై అలిసిపోయి కూర్చునేవాళ్లే నాకు ఎక్కువ బాధ. సీట్లు తెరవగానే బుక్ చేయించు. ఆ రోజుకి సబ్‌స్టిట్యూట్ టీచర్ని ఇప్పుడే మాట్లాడిపెట్టు. అవసరమైతే ముందురోజు రాత్రే అక్కడికి చేరుకోమను. ఇంకో సంగతి: అకౌంట్‌లో పేరు, ఐడీ కార్డులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో అని తికమకపడే మనవాళ్లు మీ దగ్గర ఉంటే ఇది మరీ చూడు.

మిగతా మూడూ ఇంటి దగ్గర తయారుచేసుకునే పోర్ట్‌ఫోలియో. రెండోది పిల్లల రాతపని మీద, మూడోది క్లాసు వీడియోల మీద, నాలుగోది పిల్లల గురించి సమాచారం సేకరించి, పరీక్షల ఫలితాలు చూసుకుని పాఠం ఎలా మార్చుకున్నారన్నదాని మీద. మూడోదానికే బరువెక్కువ. 10 నుంచి 15 నిమిషాల వీడియోలు రెండు కావాలి. ఎక్కడా కత్తిరించకూడదు, అతికించకూడదు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ఫరవాలేదు, మాట వినబడకపోతే ఆ వీడియో దండగ. ఫోన్ స్టాండ్ మీద పెట్టి, పిల్లల గుంపు మధ్యలో విడిగా ఒక మైకు పెట్టించు. కెమెరా వారం ముందునుంచే క్లాసులో ఉంచితే పిల్లలు దానివైపు చూడడం మానేస్తారు. తల్లిదండ్రుల అనుమతి కాగితాలు బడి తెరిచిన మొదటి వారంలోనే తీసుకోవాలి. ఏప్రిల్‌లో ఒక్క సంతకం లేక మంచి పాఠమంతా పక్కన పెట్టాల్సొస్తుంది. ఆ కాగితాలు బోర్డుకి పంపక్కర్లేదు, టీచరు దగ్గరే ఉండాలి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పల్లె టీచర్లలో చాలామందికి బోధన బాగా వచ్చు. చేసింది కాగితం మీద పెట్టడం రాదు. బోర్డు రాత మూడు రకాలు: జరిగింది చెప్పడం, ఎందుకు జరిగిందో విడమరచడం, ఇకముందు ఏం చేస్తారో ఆలోచించడం. మొదటి డ్రాఫ్టుల్లో మూడొంతులు మొదటి రకమే ఉంటుంది. మూడు రంగుల పెన్నులిచ్చి వాళ్ల చేతే గీయించు, పేజీ నిండా ఒకే రంగు కనబడగానే వాళ్లకే తెలుస్తుంది.

ఒకావిడ ఇలా రాసిందనుకో: 'భిన్నాల పాఠంలో పిల్లలు చాలా ఉత్సాహంగా పాల్గొన్నారు.' బాగుందనకు, తప్పనకు. అడుగు: ఏ పిల్లాడు, ఎన్నో నిమిషంలో, ఏమన్నాడు? అప్పుడు వస్తుంది జవాబు: నాలుగో నిమిషంలో ఒకడు మూడులో ఒక వంతుకన్నా నాలుగులో ఒక వంతు పెద్దదన్నాడు, నాలుగు మూడుకన్నా పెద్దది కదా అన్నాడు. మళ్లీ అడుగు: ఆ మాట విన్నప్పుడు నువ్వేం చేశావు, ఆ పనే ఎందుకు చేశావు, వేరే పిల్లాడికైతే అదే చేసేదానివా? ఈ జవాబులే కావలసిన రాత. ఆ వాక్యాన్ని నువ్వు మాత్రం రాయకు, దిద్దకు. సాయం చేసేవాళ్లు ప్రశ్న అడగొచ్చు, రూల్సు గుర్తుచేయొచ్చు. రాసిపెట్టడం, ఇది పాసవుతుందని తేల్చిచెప్పడం కూడదు. జాలిపడి ఒక్క పేరా రాసిచ్చినా ఆమె సర్టిఫికెట్‌కే ఎసరు.

పిల్లల ఇంటిపేరు, బడి పేరు, ఊరి పేరు రాతలో రాకుండా చూసుకోమను.

చిన్న ఊళ్లో ఇంకో చిక్కుంది. ఎవరు కట్టారో, ఎవరు తప్పారో కిరాణా కొట్టు దాకా తెలిసిపోతుంది. అందుకని పేర్ల జాబితా స్టాఫ్‌రూమ్‌లో అతికించకు. రెండు వారాలకోసారి మూడు నాలుగు బడుల వాళ్లను కలిపి కూర్చోబెట్టు, సబ్జెక్టు వేరైనా ఫరవాలేదు. లెక్కల టీచరు రాసింది మ్యూజిక్ టీచరుకి అర్థం కాకపోతే ఆ రాతలో ఏదో లోపం ఉన్నట్టే. దూరం వాళ్లకి వీడియో కాల్ పెట్టు, కానీ మొదటి రెండుసార్లు మాత్రం ఎదురుగా కలవాలి.

ఫలితాలు డిసెంబరు నాటికి వస్తాయి. పాసవ్వాలంటే మొత్తం స్కోరు 110 కావాలి. అంటే 4.25 స్కేలు మీద సగటున 2.75. తక్కువైనవాళ్లను ఊరడించాక కాగితం మీద లెక్క వేయించు. మొత్తంలో కలిపేటప్పుడు రెండో కాంపొనెంట్ స్కోరుని 6తో, మూడోదాన్ని 12తో హెచ్చిస్తారు. 104 వచ్చినామె మూడోదాన్ని అర పాయింటు పెంచుకుంటే చాలు, అదే రెండోదైతే పూర్తి పాయింటు పెరగాలి. ఒక్కో కాంపొనెంట్‌ని రెండుసార్లు మళ్లీ కట్టుకోవచ్చు. మొత్తానికి ఐదేళ్ల గడువు. మొదటి మూడేళ్లలో నాలుగూ ఒక్కసారైనా రాసి ఉండాలి.

అప్‌లోడ్ మాట మర్చిపోయాను. ఆఖరి రోజు రాత్రి ఇంటి నెట్ మీద ఆధారపడొద్దని చెప్పు. గడువుకి పది రోజుల ముందు ఒక సాయంత్రం డిస్ట్రిక్ట్ ఆఫీసులో కేబుల్ కనెక్షన్ ఉన్న గది అడిగి తీసుకో, అందరూ అక్కడే కూర్చుని ఫైళ్లు పంపనీ. పంపాక మళ్లీ తెరిచి చూడమను, ఒకరి వీడియో బదులు ఇంకోటి ఎక్కించిన సందర్భాలుంటాయి. తేదీలు ఏటా కొద్దిగా మారతాయి కాబట్టి ఆ ఏడాది గైడ్‌లో చూసే క్యాలెండర్‌లో రాసుకో.

ప్రిన్సిపాల్ నుంచి ఒక్కో టీచరుకి మూడు రోజుల సెలవు అడుగు. నార్త్ కరోలినాలో అది రూలులోనే ఉంది. మీ దగ్గర లేకపోతే ఒక్క రోజుతోనైనా బేరం మొదలుపెట్టు.

నాన్న