వార్తలకు మీ యాప్ వేస్తున్న పక్షపాతం, భావోద్వేగం మార్కులపై ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధిపతి గారికి,

నమస్కారం.

విషయం: వార్తా సంస్థల కథనాలను పోల్చి చూపే మీ యాప్‌లో 'పక్షపాతం', 'భావోద్వేగం' మార్కులు తప్పుగా ఉండటం, ఇప్పటికి రెండుసార్లు తెలియజేసినా సరిదిద్దకపోవడం గురించి.

మీ సంస్థ నడుపుతున్న వార్తల పోలిక యాప్‌కు నేను రెండేళ్లుగా చందాదారును. ఒకే సంఘటనను వేర్వేరు పత్రికలు, ఛానళ్లు ఎలా రాశాయో పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క కథనంలో పక్షపాతం ఎంత, భావోద్వేగం ఎంత అని నూటికి ఇన్ని మార్కులని చూపుతారు కదా అన్న నమ్మకంతో చందా కట్టాను. పాతికేళ్లకు పైగా దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేసి, ఇప్పుడు జర్నలిజం విద్యార్థులకు వార్తారచన చెబుతున్నాను కాబట్టి, మీ మార్కులను పాఠంలో భాగంగా తరగతిలో కూడా వాడాను. వాడుతున్న కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, మీ అంకెలు కొలుస్తున్నది పక్షపాతాన్ని కాదు, మాటల వేడిని. ఆ వేడిని కూడా సరిగ్గా కొలవడం లేదు. ఈ సంగతి మూడు నెలల్లో రెండుసార్లు మెయిల్‌లో రాస్తే, 'మా విధానం పూర్తిగా శాస్త్రీయమైనది, ఇందులో మనుషుల జోక్యం లేదు' అన్న ఒకే జవాబు రెండుసార్లూ వచ్చింది. అందువల్ల ఈసారి ఉదాహరణలతో సహా వివరంగా రాస్తున్నాను.

మొదటిది ఒక బస్సు ప్రమాదం. ఒక పత్రిక 'లోయలో పడిన బస్సు: 9 మంది దుర్మరణం' అని శీర్షిక పెట్టింది. ప్రమాదం ఎన్ని గంటలకు జరిగింది, బస్సులో ఎంతమంది ఉన్నారు, బ్రేకుల గురించి డ్రైవర్ ఏం చెప్పారు, దానికి రవాణా అధికారి ఏం జవాబిచ్చారు అన్నవన్నీ, ఏది ఎవరు చెప్పారో స్పష్టంగా పేర్కొంటూ పది పేరాల్లో రాసింది. ఆ కథనానికి మీ యాప్ భావోద్వేగం 81, పక్షపాతం 64 అని ఎర్ర రంగు వేసింది. అదే ప్రమాదంపై మరో సంస్థ 'ఎట్టకేలకు ఘటనాస్థలికి మంత్రి' అని శీర్షిక పెట్టి, ఆయన మధ్యాహ్నం 'తీరిగ్గా' వచ్చారనీ, బాధితులతో 'రెండు ముక్కలు' మాట్లాడి వెళ్లారనీ రాసింది. మంత్రి ఎన్ని గంటలకు బయల్దేరారో, రావలసిన దారి ఎంత దూరమో, ఆలస్యానికి ఆయన చెప్పిన కారణమేమిటో అందులో ఎక్కడా లేదు. దానికి మీరు వేసిన మార్కులు భావోద్వేగం 14, పక్షపాతం 11. రంగు ఆకుపచ్చ, పైన 'తటస్థం' అన్న ముద్ర.

తెలుగు చదివేవారికి ఆ శీర్షికలో 'ఎట్టకేలకు' అన్న ఒక్క మాట చాలు. రావలసిన మనిషి రావలసిన వేళకు రాలేదని, ఆ తప్పు ఆయనదేనని వార్త మొదలుకాకముందే తీర్పు వచ్చేసింది. ఆ తీర్పు న్యాయమైనదే కావచ్చు. కానీ దానికి ఆధారం చూపవలసిన బాధ్యత రాసినవారిది. ఇక 'దుర్మరణం' అన్న మాట నాకూ నచ్చదు. డెస్కులో ఉన్నన్నాళ్లూ కనిపించినప్పుడల్లా కొట్టేసి 'మృతి' అని మార్చేవాడిని, అందుకు సీనియర్ల చేత చీవాట్లు కూడా తిన్నాను. అయినా అది అరిగిపోయిన మాటే తప్ప, ఎవరి పక్షమూ వహించే మాట కాదు. తొమ్మిది మంది చనిపోయారని చదివినప్పుడు మనసు కలుక్కుమంటే, అది జరిగిన సంఘటన బరువు. దాన్ని రాసినవారి ఖాతాలో వేయడమే మీ యాప్ చేస్తున్న మొదటి పొరపాటు.

రెండో పొరపాటుకు మూలం మీ సహాయ పేజీలోనే దొరికింది. తెలుగు కథనాన్ని ముందు ఇంగ్లీషులోకి యంత్రానువాదం చేసి, ఆ అనువాదానికే మార్కులు వేస్తామని మీరు చిన్న అక్షరాల్లో రాశారు. అసలు గండి పడింది అక్కడే. తెలుగులో మొగ్గు చాలాసార్లు క్రియాపదం చివర ఉంటుంది. ఒకే కేసులో నిందితులైన ఇద్దరిలో ఒకరు 'పోలీసులకు చిక్కాడు', పలుకుబడి ఉన్న మరొకరు 'పోలీసుల ఎదుట హాజరయ్యారు' అని ఒకే కథనంలో, వరుస వాక్యాల్లో రాసిన సంస్థకు మీ యాప్ తటస్థమని ముద్ర వేసింది. 'డు', 'రు' మధ్య ఉన్న తేడా ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మాయమైపోతుంది. ఇద్దరికీ ఒకే సర్వనామం మిగులుతుంది. అనుమానితుణ్ని నేరస్థుడిగా ముందే ఖాయం చేసే పని ఎన్ని కథనాల్లో ఆ ఒక్క అక్షరం చేస్తోందో, మా విద్యార్థులు ఒక వారం పత్రికలు ముందేసుకుని గీతలు గీసి చూపించారు. వారం పొడవునా మీ యాప్ ఒక్కదాన్ని కూడా పట్టుకోలేదు.

'వివరణ ఇచ్చారు' వేరు, 'వివరణ ఇచ్చుకున్నారు' వేరు. మొదటిది సమాచారం, రెండోది చిన్నచూపు. ఒక నాయకుడి మాటను 'వెల్లడించారు' అంటే అది నిజమేనని రాసినవారు ఒప్పుకున్నట్టు. 'ఆరోపించారు' అంటే ఇంకా రుజువు కాలేదని పాఠకుణ్ని హెచ్చరించినట్టు. 'చెప్పుకొచ్చారు' అంటే వినాల్సినంత విషయం అందులో లేదని పెదవి విరిచినట్టు. ఒకే విలేకరుల సమావేశాన్ని మూడు సంస్థలు ఈ మూడు క్రియలతో రాస్తే, మీ యాప్ మూడింటికీ దాదాపు సమానంగా మార్కులు వేసింది. 'ఏకంగా 40 మందిని బదిలీ చేశారు' అన్న వాక్యంలో 'ఏకంగా' తీసేస్తే మిగిలేది వార్త, ఉంచితే వ్యాఖ్య. ఇవేవీ కోపం, భయం, దుఃఖం వంటి భావోద్వేగ పదాల జాబితాలో ఉండవు. ఉండకపోవడమే వాటి బలం.

క్రియ ఒక్కటి మారితే పాఠకుడి అంచనా ఎంత మారుతుందో తెలియనిది కాదు. మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగంలో కార్ల ప్రమాదాల దృశ్యాలు చూపించి, అవి ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. ఒకదాన్నొకటి 'తాకినప్పుడు' అన్న అర్థం వచ్చే క్రియ వాడితే సగటున గంటకు 31.8 మైళ్లనీ, ఢీకొని 'నుజ్జయినప్పుడు' అన్న అర్థం వచ్చే క్రియ వాడితే 40.5 మైళ్లనీ చూసినవారు చెప్పారు. చూసిన దృశ్యాలు అవే, మారింది ప్రశ్నలోని క్రియ. ఏభై ఏళ్లుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఈ సంగతిని పక్కనపెట్టి, మీరు విశేషణాలను, భీకరమైన నామవాచకాలను మాత్రం లెక్కపెడుతున్నారు.

ఆ లెక్కలో కూడా సందర్భం చూడటం లేదు. 'ఎండలు మండుతున్నాయి' అన్న వాతావరణ వార్తకు 'ఆగ్రహం' అన్న గుర్తు పెట్టారు. క్రికెట్ మ్యాచ్‌లో ఒక జట్టు ఇంకో జట్టును 'చిత్తు చేసింది' అని రాస్తే 'హింస' అన్నారు. క్రీడల పేజీ ఎక్కువగా ఇచ్చే పత్రిక మొత్తం సగటులో 'ఆవేశపూరిత సంస్థ'గా తేలడానికి ఇదే కారణమని, ఆ పత్రిక క్రీడావార్తలను విడిగా తీసేసి చూసినప్పుడు నాకు అర్థమైంది. పదాల జాబితాను ఒక రంగం నుంచి ఇంకో రంగానికి మోసుకెళ్తే ఏం జరుగుతుందో 2011లో ఇద్దరు ఫైనాన్స్ ఆచార్యులు చూపించారు. మనస్తత్వ, సమాజ అధ్యయనాల కోసం తయారైన హార్వర్డ్ ప్రతికూల పదాల జాబితాను కంపెనీల వార్షిక నివేదికలకు అన్వయిస్తే, ప్రతికూలమని లెక్కకు వచ్చిన పదాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆర్థిక సందర్భంలో ప్రతికూలమే కావని తేలింది. పన్ను, వ్యయం వంటి రోజువారీ మాటలు అందులో ఉన్నాయి. ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకే అంత తేడా వస్తే, అనువాదం మీదుగా వచ్చే తెలుగుకు ఎంత వస్తుందో మీరు పరీక్షించి ఉండవలసింది.

మీ ముందు గట్టిగా ఉంచదలచుకున్న ఉదాహరణ వేరే ఉంది. ఒక వార్తాసంస్థ పంపిన ఏజెన్సీ కాపీని రెండు పత్రికలు అక్షరం పొల్లుపోకుండా వేశాయి. శీర్షిక కూడా ఒకటే. నేను రెండు పాఠాలనూ వరుసగా పెట్టి పోల్చి చూశాను. చివర్లో ఒక పూర్ణవిరామం తప్ప తేడా లేదు. మొదటి పత్రికలోని కథనానికి పక్షపాతం 22 వచ్చింది, రెండో పత్రికలోని అదే కథనానికి 58 వచ్చింది. పాఠం ఒకటే అయినప్పుడు మార్కులు ఎలా మారాయన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒక్కటే: కథనాన్ని చదవకముందే, అది ఎక్కడ అచ్చయిందన్న దాన్ని బట్టి మీ యాప్ కొంత మార్కు వేసేస్తోంది. పేరు చూసి తీర్పు చెప్పడాన్ని మా డెస్కులో పక్షపాతమనే అనేవాళ్లం. రెండు తెరల చిత్రాలనూ ఈ లేఖకు జతపరిచాను.

ఫిర్యాదు చేస్తున్న నాకు సొంత మొగ్గు లేదని నేను అనను. ఈ విషయంలో మనిషి తనను తాను నమ్మరాదని చెప్పే పరిశోధన కూడా ఉంది. 1982లో బీరూట్‌లో జరిగిన ఊచకోతపై టీవీల్లో వచ్చిన ఒకే వార్తా కథనాలను ఇజ్రాయెల్ అనుకూలురకు, అరబ్బు అనుకూలురకు చూపిస్తే, ఇరుపక్షాల వారూ అవి తమకు వ్యతిరేకంగానే ఉన్నాయని చెప్పినట్టు వలోన్, రాస్, లెపర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించారు. అది గుర్తుపెట్టుకునే, రాజకీయాల్లో నాతో ఏనాడూ ఏకీభవించని ఒక పాత సహోద్యోగిని కూర్చోబెట్టి, ముప్పై కథనాలను ఇద్దరం విడివిడిగా చదివి గుర్తులు పెట్టాం. ఇరవై ఆరింటిలో ఇద్దరి గుర్తులూ కలిశాయి. మిగిలిన నాలుగింటిపై చాయ్ చల్లారేదాకా వాదించుకున్నాం. మీ మార్కులతో మేమిద్దరం కలిసి ఒప్పుకున్నవి పదకొండు మాత్రమే. ముప్పై కథనాలతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ మీ విధానానికి ఈ మాత్రం పరీక్ష కూడా జరిగిన దాఖలా మీ పేజీల్లో కనిపించలేదు. మనుషులు విడివిడిగా వేసిన గుర్తులు ఎంతవరకు కలిశాయో కొలిచే కప్పా, ఆల్ఫా వంటి కొలతలు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. గుర్తులు పూర్తిగా కలిస్తే 1 వచ్చే ఆల్ఫాను రూపొందించిన పరిశోధకుడు క్రిప్పెన్‌డార్ఫ్, దానికి నమ్మదగిన హద్దుగా 0.8ని సూచించారు. మీది ఎంత?

రాసినదాన్ని కొలిచే ఏ యంత్రానికైనా రాయనిది కనిపించదన్నది కూడా మీరు పాఠకులకు చెప్పడం లేదు. ఆరోపణను మొదటి పేజీలో వేసి, మర్నాడు వచ్చిన ఖండనను లోపలి పేజీలో రెండు వాక్యాలకు కుదించిన పత్రికకు రెండు రోజులూ ఆకుపచ్చ రంగే వచ్చింది, ఎందుకంటే రెండు కథనాల్లోనూ మాటలు చల్లగానే ఉన్నాయి.

ఇంకొక్క మాట, కొంత చిరాకుతోనే రాస్తున్నాను. ఫోనుకు మీరు పంపే నోటిఫికేషన్లలో ఒకటి 'షాకింగ్! ఈ వార్తలో దాగిన విషం చూశారా?' అని వచ్చింది. ఆ వాక్యాన్ని మీ యాప్‌లోనే అతికించి చూస్తే భావోద్వేగం 77 అని చూపింది. ప్రతికూల పదం ఒక్కొక్కటి పెరిగిన కొద్దీ శీర్షికపై క్లిక్కులు 2.3 శాతం చొప్పున పెరిగినట్టు అప్‌వర్దీ అనే ఆన్‌లైన్ వార్తా సంస్థ శీర్షికలపై 2023లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది కాబట్టి, ఈ భాష ఎందుకు వాడతారో నాకు తెలియక కాదు. పత్రికల్లో ఏది తప్పని రంగు వేస్తున్నారో దాన్నే మీరు చేయడం మాత్రం మింగుడుపడటం లేదు.

కనుక నేను కోరుతున్నవి ఇవి. 'పక్షపాతం' అన్న పేరును ఆ మార్కు నుంచి తొలగించి, అది నిజంగా కొలిచేది ఏదో ఆ పేరే పెట్టండి. ఏ మాటకు ఎన్ని మార్కులు పడ్డాయో కథనంలోనే గుర్తుపెట్టి చూపించండి, అప్పుడు ఒప్పుకోవాలో లేదో పాఠకుడే తేల్చుకుంటాడు. తెలుగు కథనాలను తెలుగులోనే చదవగల మనుషుల చేత పరీక్షించి, వారి గుర్తులతో మీ మార్కులు ఎంతవరకు కలిశాయో ప్రకటించండి. అది జరిగేదాకా తెలుగు కథనాలపై రంగులు వేయడం ఆపండి. వార్తలను, సంపాదకీయాలను, క్రీడల పేజీలను కలిపి సంస్థకు ఒకే సగటు ఇవ్వడం మానండి. ఏజెన్సీ కాపీ విషయంలో రెండు మార్కులు ఎలా వచ్చాయో నాకు లిఖితపూర్వకంగా తెలియజేయండి.

చందాలో ఇంకా ఏడు నెలల గడువు మిగిలి ఉంది. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా పై అంశాలకు విడివిడిగా సమాధానం రాకపోతే, ఆ ఏడు నెలల సొమ్మును తిరిగి చెల్లించి నా ఖాతాను మూసివేయవలసిందిగా కోరుతున్నాను. పాత జవాబునే మూడోసారి పంపితే దాన్ని సమాధానంగా పరిగణించను.

జతపరిచినవి: బస్సు ప్రమాదం కథనాల తెరచిత్రాలు 2, ఏజెన్సీ కాపీ తెరచిత్రాలు 2, ముప్పై కథనాలపై ఇద్దరం పెట్టిన గుర్తుల పట్టిక, గతంలో మీ నుంచి వచ్చిన జవాబులు 2.

ఇట్లు,
మీ వార్షిక చందాదారు